జూన్ ఒకటిన పుట్టినవాళ్లం

పదో జమాత్‌లో ఎస్సెస్సీ నామినల్ రోల్స్ నింపిన రోజు నాకింకా యాదుంది. ఉస్తాద్ ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, పుట్టిన తారీఖు గట్టిగా చదువుతున్నారు. తప్పుంటే చేయెత్తి చెప్పాలి. "జూన్ ఒకటి" అని మొదటిసారి వినిపించినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఐదోసారికి వెనక బెంచీ నవ్వింది. పదోసారికి ఉస్తాద్ కూడా నవ్వేశారు. లెక్కేస్తే ముప్ఫై నాలుగు మందిలో పంతొమ్మిది మందిమి జూన్ ఒకటినే పుట్టాం. మిగిలినవాళ్లలో ఎక్కువమంది జులై ఒకటి. తారీఖు తప్పని మాలో ఒక్కరూ చేయెత్తలేదు. ఎత్తితే ఏ తారీఖు చెప్పాలో మాకు తెలిస్తే కదా!

మా అమ్మీకి మాత్రం తెలుసు. నేను రంజాన్‌లో పదిహేడో రోజా నాడు, ఇఫ్తార్‌కు కాస్త ముందు పుట్టానని, దాయి తన రోజా నా బొడ్డు కోశాకే విప్పిందని ఆమె చాలాసార్లు చెప్పింది. పత్రికలో చేరాక ఒకరోజు పాత హిజ్రీ క్యాలెండర్ దొరికితే కూర్చుని సరిచూసుకున్నాను. అది 1980 జులై నెలాఖరు. నా సర్టిఫికెట్ మీద ఉన్నది 1980 జూన్ ఒకటి. అంటే నేను పుట్టడానికి రెండు నెలల ముందే సర్కారు లెక్కలో పుట్టేశాను.

ఇది ఎలా జరిగిందో అబ్బా చెప్పేవారు. 1985 జూన్‌లో సైకిల్ షాపు మూసేసి, నా చేయి పట్టుకుని మా కస్బాలోని ఉర్దూ మీడియం సర్కారీ బడికి తీసుకెళ్లారట. సదర్ ముదర్రిస్ సాబ్ దాఖిలా రిజిస్టర్ తెరిచి తారీఖు అడిగారు. అబ్బా "రంజాన్ సాబ్, పదిహేడో రోజా" అన్నారు. ఆయన వేళ్ల మీద లెక్కేసుకుని, "ఐదు నిండలేదు. నిండితేనే దాఖిలా. రెండు నెలల కోసం ఏడాది పాడు చేసుకుంటామా?" అని కలం తీసి జూన్ ఒకటి రాశారు. అబ్బా కింద ఉర్దూలో దస్తఖత్ చేశారు. పని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఆ ఐదు నిమిషాల వెనుక నూటా ముప్ఫై ఏళ్ల కథ ఉంది. బడి, ఖానూన్, మన ఇళ్లు కలుసుకున్న కథ అది. మన ఖౌమ్ తాలీం చరిత్ర అంటే సాధారణంగా పెద్ద పేర్లు, పెద్ద జామియాలు చెప్పుకుంటాం. ఈసారి ఒక రిజిస్టర్ గురించి, దాన్ని రాసిన కుర్చీ గురించి చెప్పుకుందాం. ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్న మనిషి రాసిన ఒక్క పంక్తి మీద మన నౌకరీలు, నికాహ్‌లు, కొన్నిసార్లు మన హోదా కూడా నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి.

రిజిస్టర్ ఎక్కడి నుంచి వచ్చింది

పాత మక్తబ్‌లో రిజిస్టర్ లేదు. మౌల్వీ సాబ్‌కు పిల్లవాడు తెలుసు, పిల్లవాడి తండ్రి తెలుసు, తాత తెలుసు. వీధి బడి పంతులుకూ అంతే. పిల్లవాడి ఈడు ఎంతన్నది ఎవరికీ అవసరం లేదు. అలిఫ్ బే వచ్చాక పారా, పారా పూర్తయ్యాక కరీమా, గులిస్తాన్. ఎవరు ఎంత చదివితే అదే జమాత్.

1854లో కంపెనీ సర్కారు చార్లెస్ వుడ్ పేరు మీద ఒక తాఖీదు పంపింది. ప్రతి ప్రావిన్స్‌లో విద్యాశాఖ ఉండాలి, ఇన్‌స్పెక్టర్లు ఉండాలి, షరతులకు ఒప్పుకున్న బడులకు గ్రాంటు ఇవ్వాలి అన్నది దాని సారాంశం. గ్రాంటు ఇవ్వాలంటే ఎంతమంది పిల్లలున్నారో, ఎన్ని రోజులు వచ్చారో తెలియాలి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. అక్కడి నుంచి బడిపంతులు పిల్లలకే కాదు, కాగితానికి కూడా జవాబుదారీ అయ్యాడు.

ఒక్క విషయం గమనించండి. దాఖలా, హాజరు, తనిఖీ, మంజూరు, తాఖీదు, దస్త్రం. ఇవన్నీ మన ఇళ్లలోని మాటలే. నిజాం ఇలాకాలో ఉర్దూ సర్కారీ జబాన్ కాబట్టి అక్కడ వాడారంటే వింత లేదు. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న మా రాయలసీమలోనూ, సర్కారు జిల్లాల్లోనూ తెలుగు కచేరీ ఇదే మాటలతో నడిచింది. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు నాకు వ్యాకరణం కష్టమైంది గానీ, తెలుగు అర్జీ రాయడం ఎప్పుడూ కష్టం కాలేదు.

1882లో హంటర్ కమిషన్ మన పిల్లలు సర్కారీ బడుల్లో ఎందుకు తక్కువగా ఉన్నారో విడిగా పరిశీలించి, ముస్లింల తాలీంకు ప్రత్యేక ప్రోత్సాహం ఉండాలని సిఫారసు చేసింది. హైదరాబాద్‌లో 1918లో ఉస్మానియా ఏర్పడి, ఒక హిందుస్తానీ భాషలో ఉన్నత విద్య చెప్పిన యూనివర్సిటీ అయింది. ఇవి మనం తరచూ చెప్పుకునేవే. అంతగా చెప్పుకోనిది ఇంకొకటి ఉంది. గోపాలకృష్ణ గోఖలే 1911లో ప్రాథమిక తాలీం లాజిమీ చేయాలని బిల్లు పెట్టారు. మరుసటి ఏడాది అది వీగిపోయింది. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. నిర్బంధ విద్య అనే ఆలోచన ఖానూన్‌లోకి రాగానే ఈడు అనేది ముఖ్యమైపోయింది. ఏ ఈడు పిల్లవాడు బడిలో ఉండాలో చెప్పాలంటే, ముందు వాడి ఈడు ఎంతో తెలియాలి కదా.

ఈడుకు గవాహీ ఎవరు

మద్రాసు ప్రెసిడెన్సీకి జనన మరణాల నమోదు చట్టం 1899లోనే ఉంది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ మన ఇళ్లలో తొలి కాన్పు నానీమా ఇంట్లో, ఆ ఊళ్లో దాయి చేతుల మీదుగా జరిగేది. బిడ్డతో అమ్మ అత్తింటికి వచ్చేసరికి మూడు నెలలు. నానీమా ఊళ్లో రాయించాలని ఎవరికీ తట్టదు, అబ్బా ఊళ్లో రాయరు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా నమోదు కుదరదని 1969 చట్టం చెప్పింది. సైకిల్ షాపు మూసి మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లేదెవరు?

తారీఖులు తెలియక కాదు. అమ్మీలకు, నానీమాలకు అన్నీ తెలుసు. బారావఫాత్ తర్వాత మూడో రోజు, షబేబరాత్ రాత్రి, పెద్ద వాన పడిన ఏడు మొహర్రంలో. అయితే హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే పది పదకొండు రోజులు చిన్నది. రంజాన్ ఒక ఏడు ఎండాకాలంలో వస్తే కొన్నేళ్లకు చలికాలంలోకి జరుగుతుంది. అమ్మీ చెప్పిన తారీఖు సర్కారీ గడిలో ఇమడదు. ఆ ఇమడని తారీఖును ఇమిడించే పని సదర్ ముదర్రిస్ మీద పడింది. బడులు తెరిచేది జూన్‌లో. అప్పటికి ఐదు నిండాలి. కాబట్టి జూన్ ఒకటి.

ఇది మన బడుల్లోనే జరిగిందనుకోకండి. నా తెలుగు దోస్తుల్లోనూ జూన్, జులై ఒకటిన పుట్టినవాళ్లు బోలెడు మంది. వాళ్ల అమ్మలకు తిథి గుర్తుంది, నక్షత్రం గుర్తుంది. వాళ్ల హెడ్మాస్టరు కూడా వేళ్ల మీదే లెక్కేశాడు.

1950లో రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించాలని రాసుకుంది. పదేళ్లు నాలుగుసార్లు గడిచిపోయాయి. ఈలోగా మన రాష్ట్రానికి 1982లో విద్యా చట్టం వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాని పేరే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. కేసు మొదలైంది ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీల ఫీజుల గురించి. అందులోనే కోర్టు, పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రతి బిడ్డకూ మౌలిక హక్కు అని తేల్చింది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది. 2009లో విద్యా హక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఒక్క పంక్తి ఎంత దూరం పోతుంది

అబ్బా దస్తఖత్ చేసినప్పుడు అది బడిలో చేరడానికి రాసిన ఒక తారీఖు అనుకున్నారు. నిజానికి అది అక్కడితో ఆగలేదు. దాఖిలా రిజిస్టర్‌లోని తారీఖు టీసీలోకి, టీసీ నుంచి పదో జమాత్ సర్టిఫికెట్‌లోకి, అందులోంచి ఉద్యోగం సర్వీసు రిజిస్టర్‌లోకి పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1984 నాటి నిబంధనల ప్రకారం సర్కారీ నౌకర్ పుట్టిన తారీఖు ఒకసారి సర్వీసు రికార్డులోకి ఎక్కాక మార్చడం దాదాపు అసాధ్యం. కోర్టులు కూడా రిటైర్మెంట్ దగ్గరికొచ్చాక తారీఖు మార్చమని వచ్చినవాళ్లను చాలాసార్లు తిప్పి పంపాయి.

కోర్టుల దృష్టిలో ఆ పంక్తికి విలువ ఎంత? 1872 సాక్ష్య చట్టం 35వ సెక్షన్ ప్రకారం, సర్కారీ నౌకర్ తన విధిలో భాగంగా రిజిస్టర్‌లో రాసినది సాక్ష్యంగా పనికొస్తుంది. 2024 జులై నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. అయితే పనికి రావడం వేరు, బరువు తూగడం వేరు. 1988లో బిరద్ మల్ సింఘ్వీ కేసులో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. అది ఎన్నికల కేసు, అభ్యర్థుల వయసు మీద తగాదా. బడి రిజిస్టర్‌లో తారీఖు ఉన్నంత మాత్రాన చాలదు, ఆ తారీఖు ఎవరు చెప్పారు, దేని ఆధారంగా చెప్పారు అన్నది తేలకపోతే దానికి సాక్ష్యంగా పెద్ద విలువ లేదని కోర్టు అన్నది. అంటే చెప్పిన వాలిదైన్ గవాహీ కావాలి, రాసిన ముదర్రిస్ గవాహీ కావాలి. నాకు ఆ తీర్పు చదువుతుంటే అబ్బా, సదర్ సాబ్ ఇద్దరూ బోనులో నిలబడినట్టు అనిపించింది. ఇప్పుడు ఇద్దరూ లేరు.

బాలనేరాల విషయంలో అయితే 2015 చట్టం 94వ సెక్షన్ బడికే మొదటి స్థానం ఇచ్చింది. ఒక కుర్రవాడు పిల్లవాడా కాదా అని తేల్చాలంటే ముందు చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్. అవి లేకపోతేనే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చినది. అదీ లేకపోతేనే డాక్టరు పరీక్ష. పోలీస్ స్టేషన్‌లో కూర్చున్న ఒక పదిహేడేళ్ల పిల్లవాడు ఏ కోర్టుకు పోతాడన్నది పుష్కరం కింద ఒక ముదర్రిస్ రాసిన అంకె మీద ఆధారపడుతుందన్నమాట.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మా ఖాలా చిన్న కూతురు అక్కతో పాటు బడికి పోతానని మారాం చేసింది. మూడున్నరేళ్ల పిల్ల. సరే పోనీ అని ఐదేళ్లని రాయించారు. బడిలో అందరికన్నా చిన్నది, అందరికన్నా చురుకైనది. ఇంటర్ పూర్తి కాకుండానే రిష్తా వచ్చింది. 1978 నుంచి ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలని ఖానూన్. పెళ్లివాళ్లు అడిగితే ఖాలూ టీసీ తెచ్చి చూపించారు. టీసీ ప్రకారం పద్దెనిమిది నిండి వారమైంది. నికాహ్ జరిగింది. అమ్మీ ఆ రాత్రి నెమ్మదిగా, "దానికి పదహారున్నర" అంది. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడలేదు. కాగితం ఉంది కదా. నాకు ఇచ్చిన రెండు నెలలు ఒక ఏడాది చదువును మిగిల్చాయి. ఆమెకు ఇచ్చిన ఏడాదిన్నర ఆమె చదువును మింగేసింది. రిజిస్టర్ ఒకటే, కలం ఒకటే.

2023లో పి. యువప్రకాశ్ అనే తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు, ఒక అమ్మాయి వయసు తేల్చడానికి టీసీ, అడ్మిషన్ రిజిస్టర్ నకలు 94వ సెక్షన్ అడిగే పత్రాలు కావని చెప్పింది. ఖానూన్ కూడా ఈ కాగితాలను ఎంతవరకు నమ్మాలో ఇంకా వెతుక్కుంటూనే ఉంది.

పేరు గడి, కులం గడి

తారీఖు ఒక్కటే కాదు. రిజిస్టర్‌లో ఇంటిపేరు గడి ఉంటుంది. మనలో చాలామందికి తెలుగువాళ్ల లెక్కలో ఇంటిపేరు లేదు. సదర్ సాబ్ షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్ అని రాసి పని కానిచ్చారు. ఆ షేక్ ఇంగ్లీషులోకి ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగ్‌తో పోయింది. కొన్నిచోట్ల కుదించి ఎస్‌కే అయింది. మహమ్మద్ ఎండీ అయింది. ఒకే తల్లి బిడ్డలు ముగ్గురు, మూడు బడుల్లో చదివితే మూడు స్పెల్లింగ్‌లు. ఇంట్లో నవ్వుకోవడానికి బాగుంటుంది. పాస్‌పోర్టు ఆఫీసులో నవ్వు రాదు.

కులం గడి కథ ఇంకో రకం. చాలాకాలం అక్కడ "ముస్లిం" అనో, "ఇస్లాం" అనో రాసి వదిలేశారు. నూర్‌బాషా, దూదేకుల బిరాదరీ బీసీ-బి జాబితాలో ఉన్నా, బడిలో సరిగా రాయించుకోని ఇళ్లు ఉన్నాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ సర్కారు ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ తెచ్చింది. షేక్‌లు అందులో ఉన్నారు, సయ్యద్‌లు, పఠాన్‌లు లేరు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశంతో కొనసాగనిచ్చింది. ఒక్కసారిగా, ఎప్పుడో ఇంటిపేరు గడిలో పొద్దుపోక రాసిన రెండక్షరాలకు మెడికల్ సీటు బరువు వచ్చింది. ఎంతమంది అబ్బాలు పాత టీసీలు పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగారో ఆ రోజుల్లో రిపోర్టర్‌గా నేను కళ్లారా చూశాను.

తర్వాత 2019. అస్సాంలో ఎన్‌ఆర్‌సీ తుది జాబితా నుంచి 19 లక్షలకు పైగా మనుషులు బయట ఉండిపోయారు. అక్కడ బంధం రుజువు చేసే పత్రాల్లో బోర్డు, యూనివర్సిటీ సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. ఆ చలికాలంలో మన ఇళ్లలో ట్రంకు పెట్టెలు ఎన్ని తెరుచుకున్నాయో మీకు చెప్పాల్సిన పని లేదు. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ఎన్నికల సంఘం చెప్పిన 11 పత్రాల్లో మెట్రిక్ సర్టిఫికెట్ ఒకటి. బడి రిజిస్టర్ ఇప్పుడు చదువుకు సంబంధించిన దస్తావేజ్ మాత్రమే కాదు.

కుర్చీలో కూర్చున్నవాళ్లు

రెండేళ్ల క్రితం నా పాత బడికి వెళ్లాను. ఇప్పుడు అక్కడ సదర్ ముఅల్లిమా ఒక ఆపా. నేను వెళ్లేసరికి ఆమె ఎదుట ఒక అమ్మీ నిలబడి ఉంది. కొడుకు పేరు ఆధార్‌లో ఒకలా, బడిలో ఒకలా ఉంది, దిద్దమని అడుగుతోంది. ఆపా ఓపిగ్గా చెబుతోంది: "అమ్మా, ఇది నా చేతిలో లేదు. కొట్టేసి రాస్తే నా నౌకరీ పోతుంది. అర్జీ ఇవ్వు, పుట్టిన సర్టిఫికెట్ జత చెయ్, పైకి పంపుతాను." ఆ అమ్మీ మొహంలో నమ్మకం లేదు. మా సదర్ సాబ్ అయితే కలం తీసేవారే అని నేను మనసులో అనుకున్నాను. వెంటనే ఖాలా కూతురు గుర్తొచ్చింది. ఆపా చేసిందే సరైన పని.

ఆమె వెళ్లాక ఆపా బీరువా తెరిచి చూపించింది. దాఖిలా, హాజరీ, టీసీ పుస్తకం, మధ్యాహ్న భోజనం, బియ్యం స్టాక్, క్యాష్ బుక్, కమిటీ తీర్మానాల పుస్తకం. పైగా ఫోన్‌లో యాప్‌లు. "భాయ్, పొద్దున వంట ఫోటో, టాయిలెట్ ఫోటో, హాజరీ ఫోటో. ఆ తర్వాత టైముంటే అలిఫ్ బే" అని నవ్వింది. ప్రైమరీ బడికి గుమాస్తా ఉండడు, అన్నీ హెడ్మాస్టరే.

నేను ఆ రిజిస్టర్లు చూస్తూ ఆలోచించాను. ఒక్కోదాని వెనుక ఒక కేసో, ఒక జనాజానో ఉంది. మధ్యాహ్న భోజనం 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం నుంచి వచ్చింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెడుతున్నారు. 2013లో బీహార్‌లోని ఒక బడిలో ఆ భోజనమే విషమై 23 మంది పిల్లలు చనిపోయారు. పిల్లల కంటే ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమం ఎందుకు అంత గట్టిదో అప్పుడు తెలిసింది. 2004 జులైలో కుంభకోణం బడిలో మంటలకు 94 మంది పసివాళ్లు ఆహుతయ్యారు. ఆ తర్వాతే, 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు బడుల్లో అగ్ని భద్రత గురించి గట్టిగా చెప్పింది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద అత్యాచారం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి విషయంలో దాచిపెడితే సంస్థ అధిపతికి ఏడాది దాకా. "బడి పరువు" అని నోరు మూసుకునే పాత అలవాటుకు ఖానూన్ వేసిన తాళం అది.

విద్యా హక్కు చట్టం ఆపా మీద పెట్టిన జిమ్మేదారీలు చూడండి. 5వ సెక్షన్ ప్రకారం టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేస్తే హెడ్మాస్టర్ మీదే క్రమశిక్షణ చర్య. టీసీ రాలేదని కొత్త బడి బిడ్డను ఆపకూడదు. 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకోవడానికి పిల్లవాడికి గానీ, వాలిదైన్‌కు గానీ పరీక్ష పెడితే మొదటిసారి 25 వేల వరకు జుర్మానా. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదు. 17వ సెక్షన్ కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. ఆ 14వ సెక్షన్ 1985లో ఉండి ఉంటే మా సదర్ సాబ్ నా కోసం అబద్ధపు సర్టిఫికెట్ అడగాల్సిన పని లేదు, వయసు తక్కువైతే ఏం చేయాలన్నది వేరే మాట.

మరి ఆపాకు ఖానూన్ ఏం ఇవ్వాలి? అదే చట్టం అరవై నుంచి తొంభై మంది పిల్లలుంటే ముగ్గురు టీచర్లు ఉండాలంటుంది. ఆ బడిలో డెబ్బై ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఖాళీలు పది శాతం మించకూడదని 26వ సెక్షన్. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనికి టీచర్లను పంపకూడదని 27వ సెక్షన్. వీలైనంతవరకు మాదరీ జబాన్‌లో చదువు చెప్పాలని 29వ సెక్షన్, ప్రాథమిక స్థాయిలో ఆ సౌకర్యం కల్పించాలని 1956 నుంచి రాజ్యాంగంలో ఉన్న 350ఎ అధికరణం. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. ముబారక్. కానీ ఉర్దూ మీడియం పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ రోస్టర్‌కు పడినవి ఉర్దూ తెలిసిన అభ్యర్థులు దొరక్క ఏళ్లపాటు ఖాళీగా ఉంటున్నాయి. ఆ బిరాదరీల హక్కు పోకుండా, మన పిల్లల చదువు ఆగకుండా దీనికొక దారి చూపమని ఉద్యోగ సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. హెడ్మాస్టర్ నియమం తప్పితే తాఖీదు మర్నాడే వస్తుంది. సర్కారు నియమం తప్పితే తాఖీదు ఎవరు ఇస్తారు?

దీనికి జవాబు చట్టంలోనే ఒకచోట ఉంది, మనం దాన్ని వాడుకోవడం లేదు. 21వ సెక్షన్ ప్రతి సర్కారీ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు వాలిదైన్, సగం మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో తీర్మానం చేసి పైకి పంపే హక్కు వాళ్లది. ఆపా ఆ తీర్మానాల పుస్తకం చూపించింది. పేజీ పేజీకీ అవే నాలుగు దస్తఖత్‌లు. "పిలిస్తే రారు భాయ్, ఇంటికి తీసుకెళ్లి సంతకం పెట్టించుకుంటాను" అంది. మూడో టీచర్ కావాలని ఆమె ఒక్కతే రాస్తే అది అర్జీ. ముప్ఫై మంది అమ్మీలు కూర్చుని తీర్మానం రాస్తే అది వేరే.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

ఇప్పటి వాలిదైన్‌కు మా అబ్బాకు లేని వసతులు ఉన్నాయి. ఆస్పత్రిలో కాన్పులు, నమోదు సులువు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి దాఖిలా నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మారింది. కాబట్టి ఆ ఒక్క కాగితం సరిగా ఉంటే మిగిలినవన్నీ సరిగా ఉంటాయి. ఏడాది దాటిన నమోదుకు కూడా ఇప్పుడు కోర్టు మేజిస్ట్రేట్ అక్కర్లేదు, జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లాంటి అధికారుల ఆర్డర్ చాలు. అఖీఖా దాకా పేరు పెట్టలేదని నమోదు ఆపనక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు చేసి తర్వాత చేర్చుకునే వీలుంది. చేర్చడం మాత్రం మరిచిపోవద్దు.

ఆధార్ లేదని బడి వాళ్లు బిడ్డను వెనక్కి పంపితే, 2018 సెప్టెంబర్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బడి దాఖిలాకు ఆధార్ షరతు కాదని అదబ్‌తో చెప్పండి. గొడవ పడకండి. కుర్చీలో ఉన్నవాళ్లకు పై నుంచి ఒత్తిడి ఉంటుంది. దాఖిలా ఫారం మీద దస్తఖత్ చేసే ముందు పేరు, స్పెల్లింగ్, తారీఖు, కులం గడి ఒకటికి రెండుసార్లు చదవండి. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి, అది మీ హక్. పదో జమాత్ నామినల్ రోల్స్ రోజు మీ బిడ్డను చేయెత్తమని చెప్పి పంపండి. బోర్డు సర్టిఫికెట్ల సవరణ మీద 2021లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈకి చెప్పిన మాట కూడా ఇదే దారిలో ఉంది: బడి రికార్డుకు తగ్గట్టు దిద్దమంటే బోర్డు కాదనకూడదు. అంటే అన్నిటికీ అసలు ఆ బడి రికార్డే.

ఆ రోజు ఆపా అటక మీది నుంచి 1985 రిజిస్టర్ దింపించింది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. నా పంక్తి దొరికింది. ఇంగ్లీషులో సదర్ సాబ్ గుండ్రని అక్షరాలు, జూన్ ఒకటి. పక్కన అబ్బా ఉర్దూ దస్తఖత్, నుక్తాలు కాస్త పక్కకు జరిగి. ఆపా ఇజాజత్ తీసుకుని ఫోటో తీసుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మీకి చూపించాను. ఆమె ఫోన్‌ను దూరంగా పట్టుకుని అబ్బా దస్తఖత్‌ను చాలాసేపు చూసింది. "ఇదేం రాశారు?" అని పక్క గడి మీద వేలు పెట్టింది. "జూన్ ఒకటి అమ్మీ, నా పుట్టిన తారీఖు" అన్నాను.

"నువ్వు పదిహేడో రోజా నాడు పుట్టినోడివి రా" అని ఫోన్ నా చేతికిచ్చి, నమాజుకు లేచింది.